టెస్టర్లు కావలెను

పుంగనూరు బస్టాండు పక్కన కొత్తగా కట్టిన మేడకు చిన్నప్ప సర్వీసు వైరు లాగుతున్నాడు. నిచ్చెన కింద వాళ్ళ నాయన గోపాలస్వామి నిలబడి ఉన్నాడు. ఆ దారిన పోతున్న పాత స్నేహితుడొకాయన ఆగి, "మీవాడేం చేస్తాండాడు స్వామీ?" అని అడిగాడు. గోపాలస్వామి తల కూడా ఎత్తలేదు. "ఏం చేస్తాడప్పా, ఖాళీగా ఉండాడు" అన్నాడు.

నెత్తి మీద పదడుగుల ఎత్తులో, చొక్కా చెమటతో ముద్దయిపోయి, ఆ ఖాళీగా ఉన్నవాడు ఇదంతా విన్నాడు. నోట్లో నాలుగు స్క్రూలు పెట్టుకుని ఉండబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆ పూట బస్టాండంతా ఒక రామాయణం విని ఉండేది.

గోపాలస్వామి అబద్ధం చెప్పాడని అనడానికి లేదు. ఆయన లెక్క ఆయనది. సర్కారు ఆఫీసులో ముప్పై రెండేళ్ళు అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర పని వేరు, ఉద్యోగం వేరు. పని ఎవడైనా చేస్తాడు, ఎద్దు కూడా చేస్తుంది. ఉద్యోగమంటే ఆర్డరు రావాలి. ఆర్డరు మీద పేరుండాలి, పేరు కింద పోస్టు ఉండాలి, పోస్టు కింద సంతకం ఉండాలి, ఆ సంతకం ఎవరిదో ఎవరికీ తెలియకుండా ఉండాలి. అది లేనివాడు పొద్దస్తమానం స్తంభాలెక్కి దిగినా, ఇంటికి బియ్యం తెచ్చినా, తండ్రికి కళ్ళజోడు మార్పించినా ఖాళీగా ఉన్నట్టే.

నిజానికి చిన్నప్పకు పని కరువు లేదు. వి.కోట నుంచి పెద్దతిప్పసముద్రం దాకా బోరు మోటారు కాలినా, పెండ్లి పందిట్లో దీపాలు ఆరినా "చిన్నప్పను పిలవండప్పా" అనేవాళ్ళు. 1990లో ఐ.టి.ఐ. ఎలక్ట్రికల్ పాసై, ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, మూడేళ్ళకొకసారి చిత్తూరు పోయి కార్డు రెన్యువల్ చేయించుకునేవాడు. మడతల దగ్గర కార్డు నాలుగు ముక్కలైంది గానీ ఆర్డరు రాలేదు. ఒకే ఒక్కసారి పిలుపొచ్చింది. ఎగేసుకుంటూ పోతే ఆ పోస్టు రద్దయిందన్నారు. 2004లో ముప్పై నాలుగు నిండాయి, సర్కారు కొలువుకు వయసు దాటిపోయింది. ఆ రోజు భార్య స్వర్ణతో, "నాయన నోట్లోనుంచి 'మావాడు ఉద్యోగం చేస్తాండాడు' అనే మాట ఒక్కసారి వినాలనుకున్న్యా. ఇంక ఈ జన్మకు లేదులే" అన్నాడు. పైకి నవ్వుతూనే అన్నాడు.

అప్పుడొచ్చింది మదనపల్లె నుంచి కబురు.

మదనపల్లెలో ప్రదీప్ అనే ఆయనకు వీడియో గేముల అంగడి ఉండేది. నాలుగు మిషన్లు. స్కూలెగ్గొట్టి వచ్చిన పిల్లకాయలు ఓడిపోయిన కోపంలో వాటిని తన్నేవాళ్ళు, తన్నిన తన్నుకు లోపల వైర్లు ఊడేవి, ఊడినప్పుడల్లా చిన్నప్ప పుంగనూరు నుంచి బస్సెక్కి వచ్చి అతికించేవాడు. ఆ రోజు రిపేరు అయిపోయాక ప్రదీప్ ఇంగ్లీషు పేపరు తీసి ఒక ప్రకటన మీద వేలు పెట్టాడు. బెంగళూరులో ఒక గేముల కంపెనీ. గేమ్ టెస్టర్లు కావలెను.

చిన్నప్ప చెయ్యి తనంతట అదే చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో టెస్టరు ఉంది. కరెంటు ఉందో లేదో పిడిలోని చిన్న బల్బు వెలిగి చెప్పే ఆ సన్నటి స్క్రూడ్రైవరు లేకుండా ఎలక్ట్రీషియను గడప దాటడు. చిన్నప్ప పెండ్లి ఫోటోలో కూడా పట్టు చొక్కా జేబులోంచి టెస్టరు తొంగి చూస్తూ ఉంటుంది.

"అంటే గేము మిషన్లను టెస్టరు పెట్టి సూసేవాళ్ళు కావాలంట" అన్నాడు ప్రదీప్. "నా నాలుగు మిషన్లకే నెలకు రెండుసార్లు నిన్ను పిలస్తాండా. ఆ కంపెనీకి ఎన్ని వందల మిషన్లు ఉంటాయో సూడు! మరి టెస్టర్లు కావద్దా?"

వినడానికి ఎంత సబబుగా ఉంది! ఇద్దరూ కలిసి టైపు ఇన్‌స్టిట్యూటుకు పోయి దరఖాస్తు కొట్టించారు. చదువు: ఐ.టి.ఐ. అనుభవం: టెస్టింగ్, పద్నాలుగు సంవత్సరాలు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. బెంగళూరులో ఆ కాగితం చూసిన వాళ్ళు ఐ.టి. పక్కన ఇంకో ఐ ఎక్కువ పడింది, టైపు మిస్టేక్ అనుకున్నారని తర్వాత తెలిసింది.

పది రోజులకు కాంతమ్మ ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది. దరఖాస్తులో ఆ నంబరే ఇచ్చారు. మాట్లాడింది సుష్మ అనే ఆమె, ఆ కంపెనీలో మనుషులను ఎంచి తీసుకునే మేడం. ఆమెది సగం ఇంగ్లీషు, సగం కన్నడం. మనవాడిది సంతలో బేరానికి సరిపోయేంత సరిహద్దు కన్నడం. ఇద్దరి మధ్యా నడిచింది కాంతమ్మ పక్కనే నిలబడి విని, ఊరంతా తెలుగులో చెప్పింది. అదే ఇక్కడ చెబుతున్నా.

"టెస్టింగ్‌లో ఎన్నేండ్ల అనుభవం?"

"పద్నాలుగేండ్లు మేడం."

లైను కట్టయిందేమోనని కాంతమ్మ మీటరు వైపు చూసింది. ఆ కంపెనీ పుట్టి నాలుగేళ్ళే అయిందని పాపం వీళ్ళకేం తెలుసు!

"ఏ ప్లాట్‌ఫారం మీద చేసినారు?"

"కుప్పంలో మేడం. ఒకటో ప్లాట్‌ఫారం, రెండో ప్లాట్‌ఫారం, రెండూ నేనే చేసినా." కుప్పం రైల్వే స్టేషన్లో ట్యూబులైట్ల కాంట్రాక్టరు కింద మూడు నెలలు చేసిన మాట నిజమే.

"రెండు ప్లాట్‌ఫారాలా! గుడ్. లోడ్ టెస్టింగ్ తెలుసా?"

"అది తెలీకుంటే ఎట్ల మేడం? అన్నీ ఒకేసారి ఆన్ చేసి వదిలేస్తా. తట్టుకుంటే తట్టుకుంటాది, లేకుంటే ఆడికాడికి పడిపోతాది. పెండ్లి మధ్యలో పడిపోయేకంటే ముందే పడిపోయేది మేలు గదా." పెండ్లి అనే మాట లైన్లో గరగరలో కలిసిపోయింది.

"బగ్స్ కనిపిస్తే ఏం చేస్తారు?"

బగ్స్ అంటే పురుగులని తెలిసేంత ఇంగ్లీషు చిన్నప్పకుంది. స్విచ్చి బోర్డుల్లో చీమలు, జెర్రులు, బల్లిపిల్లలు, ఆయన చూడనిదేముంది? "తీసి పారేస్తా మేడం. ఆడితో వదలను. యాడినుంచి వచ్చినాయో సూసి ఆ కంత మూస్తా. వారం పోయినాక మళ్ళా వచ్చి సూస్తా. ఒకసారి దూరిన బోర్డులోకే మళ్ళా దూరతాయి అవి."

ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదని సుష్మ మేడం మెచ్చుకుంది. ఎట్లా చెప్తారు? మిగతావాళ్ళంతా నిన్న మొన్న కాలేజీ వదిలిన పిల్లకాయలు.

రిజిస్టరు పోస్టులో ఆర్డరొచ్చింది. చిన్నప్ప కవరు విప్పకుండా తెచ్చి తండ్రి చేతికిచ్చాడు. గోపాలస్వామి కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని బారెడు దూరం పెట్టి, పేరు చదివాడు, పోస్టు చదివాడు. గేమ్ టెస్టర్. సంతకం మీద వేలు పెట్టి, "ఎవరిదో తెలీడంలే" అన్నాడు తృప్తిగా. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకున్నాడు చిన్నప్ప. తండ్రి కాగితం మడిచి, "ప్రైవేటు గదా" అన్నాడు. "ప్రైవేటంటే పనికీ ఉద్యోగానికీ నడిమధ్య. పోయి చేరు, నిలబడినాక సూద్దాం."

ఊరికి అంత నిదానం లేదు. గేములంటే ఆటలే గదా అని, బెంగళూరులో ఆటలన్నిటికీ పరీక్ష పెట్టే ఆఫీసరు ఉద్యోగం చిన్నప్పకొచ్చిందని టీ అంగళ్ళలో ఖాయం చేశారు. జేమ్స్ అనే డ్రిల్లు మాస్టరు తన కొడుకు కబడ్డీ సర్టిఫికెట్లన్నీ కట్టగట్టుకుని వచ్చి, "మావాణ్ణి కొంచెం మనసులో పెట్టుకో అప్పా" అని చేతులు పట్టుకున్నాడు. చిన్నప్ప సరేనన్నాడు. కాదంటే ఊరుకునే మనిషా ఆయన?

ఆగస్టు రెండో తేదీ సోమవారం బెంగళూరు పోయి చేరాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు సంచి వెతికి కటింగ్ ప్లేయరు, సుత్తి, ఇన్సులేషన్ టేపు తీసి పక్కన పెట్టాడు. జేబులో టెస్టరును పెన్ను అనుకుని వదిలేశాడు. లోపల చూస్తే మిషన్లు లేవు, కంప్యూటర్లు ఉన్నాయి. వాటి ముందు ఇరవై ఏళ్ళ పిల్లకాయలు బనీన్ల లాంటి చొక్కాలేసుకుని కూచుని ఉన్నారు. ఎరిక్ అనే అబ్బాయి ఎదురొచ్చాడు. టెస్టింగు వాళ్ళకు పెద్ద అతనే. తల్లి మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో నర్సు, ఆ కాంపౌండులోనే పెరిగాడు, అందుకని తెలుగు మన తెలుగే.

"ఇదేనన్నా నీ కంప్యూటరు."

"దీనికేమైంది? ఫాల్టు యాడుండాది?"

ఎరిక్ నవ్వాడు. "అది నువ్వే సెప్పాలన్నా. దానికే గదా పిలిపించింది."

మధ్యాహ్నం దాకా చిన్నప్ప కంప్యూటరు వెనకాల దూరి, ప్లగ్గులన్నిటికీ టెస్టరు పెట్టి, "అంతా బాగుండాది" అని లేచాడు. అప్పుడు ఎరిక్ కూచోబెట్టి గేము చూపించాడు. పాడుబడిన బంగళాలో ఒక తెల్లదొర తుపాకీ పట్టుకుని తిరుగుతుంటాడు. దయ్యాలొస్తాయి, వాటిని కాల్చాలి. ఆ గేములో తప్పులెక్కడున్నాయో ఆడి కనిపెట్టాలి. కనిపెట్టి రాయాలి. దాన్నే టెస్టింగ్ అంటారు. తప్పుల్నే బగ్స్ అంటారు.

చిన్నప్ప కుర్చీలోంచి లేచాడు. మనిషి నిజాయితీపరుడు. తిన్నగా సుష్మ మేడం దగ్గరికి పోయి, "మేడం, పొరపాటైపోయింది. నేను ఎలక్ట్రీషియను. నా టెస్టరు ఇది" అని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ప్లాట్‌ఫారం అంటే రైలు ప్లాట్‌ఫారమని కూడా చెప్పాడు.

ఆమె మొహం పాలిపోయింది. పద్నాలుగేళ్ళ అనుభవమున్న మనిషిని పట్టుకొచ్చానని అప్పటికే పెద్దసారు దగ్గర శభాష్ అనిపించుకుని ఉంది. లేచి తలుపు దగ్గరికేసి, "ఎవరికీ చెప్పకండి, మీకు దండం పెడతా. మూడు నెలలు ఎట్లాగో నెట్టుకురండి" అంది. చిన్నప్పకు ఇంటికి పోతే తండ్రి ఏమంటాడో గుర్తొచ్చింది. నిలబడినాక సూద్దాం అన్నాడు. టెస్టరు జేబులో పెట్టుకుని మళ్ళీ వచ్చి కూచున్నాడు.

ఇక ఆయన ఆడిన ఆట ఉందే, చూసి తీరాల్సింది. దయ్యాలను కాల్చాలనే ధ్యాసే లేదు. దొరను తీసుకుపోయి ముందు మీటరు బోర్డు ఎక్కడుందని వెతికేవాడు. అది వెతికేలోపు దయ్యమొచ్చి దొరను చంపేసేది. మళ్ళీ మొదటినుంచి. పక్క కుర్రాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. వాళ్ళు గంటకు రెండొందల దయ్యాలను చంపి, "సూపర్‌గా ఉంది" అని రాసి టీకి పోయేవాళ్ళు. చిన్నప్ప మాత్రం గది గదికీ పోయి, ప్రతి స్విచ్చినీ వేసి, ఆపి, వేసి, ఆపి చూసేవాడు. కొత్తింటికి వైరింగు చేసినవాడు తాళం అప్పజెప్పేముందు చేసే పని అదే. ఇరవయ్యోసారి స్విచ్చి వేస్తే దొర కాళ్ళు గోడలోకి దిగబడిపోయాయి. మెట్ల కింద దీపం ఆపితే మిద్దె మీద పియానో మాయమైంది. గోడను తడుముకుంటూ బంగళా అంతా చుట్టి వస్తే వంటింటి మూలలో గోడే లేదు, దొర అందులోంచి ఆకాశంలోకి పడిపోయాడు. చిన్నప్ప ఒక్కొక్కటీ పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు: స్విచ్ ట్వెంటీ టైమ్స్, మ్యాన్ లెగ్ ఇన్ వాల్. దాని కింద, కనుగొన్నవారు: చిన్నప్ప.

మొదటి నెల ఎరిక్ ఎగిరి గంతేశాడు. సుష్మ మేడంకు ఊపిరొచ్చింది. చిన్నప్పకు కూడా లోపల ఒక సంతోషం పుట్టింది. పుంగనూరులో ఎన్ని ఫాల్టులు పట్టాడు! లైటు వెలగ్గానే జనం మరిచిపోయేవాళ్ళు. ఇక్కడ ప్రతి తప్పు కిందా తన పేరు. శనివారం ఇంటికొస్తే స్వర్ణ, "ఆటలాడుకునేదానికి బెంగళూరు దాకా పోవాల్నా, ఈడ బిడ్డతో ఆడుకుంటే సాలదా?" అని ఎగతాళి చేసేది. ఆమెకు అంతా చెప్పాడు. తండ్రికి మాత్రం చెప్పలేదు. పొరపాటున వచ్చిన ఆర్డరని, కొడుకు బొమ్మలాట ఆడుతున్నాడని తెలిస్తే ఆయన ఇక చచ్చేదాకా ఉద్యోగమనే ఆ మాట అనడు. "ఆడ నువ్వేం చేస్తాండావురా?" అని ఆయన అడిగినప్పుడల్లా, "టెస్టింగ్ నాయనా" అని చెంబు తీసుకుని పెరట్లోకి పోయేవాడు.

నవంబరుకు తప్పులు మూడు వందల పదకొండయ్యాయి. ఒకటి దిద్దితే ఇంకో చోట రెండు లేచేవి, వాటినీ ఈయనే పట్టేవాడు. గేము చేయించుకుంటున్న విదేశీ కంపెనీ డిసెంబరుకు కావాలని కూచుంది. పెద్దసారు గదిలో కేకలు వినబడ్డాయి. "ఈ మనిషి ఉన్నంతకాలం గేము బయటికి పోదు" అని ఆయన అన్నాడట. ఒక మంగళవారం ఎరిక్ చిన్నప్పను క్యాంటీనుకు తీసుకుపోయి, టీ చేతికిచ్చి, నేల చూశాడు.

"అన్నా, రేపటినుంచి నువ్వు రావద్దంటాండారు."

"యాల? తప్పుగా ఏమన్నా రాసినానా?"

"లేదన్నా. రాసిందంతా కరెక్టే."

"మరి తప్పులుంటే దిద్దుకోవాల గదా?"

"దిద్దేదానికి టైం లేదన్నా."

"టైం లేనోళ్ళు నన్ను యాల పెట్టుకున్నారు?"

"తప్పులు పట్టేదానికి."

"పట్టినా గదా?"

"అన్ని పట్టమనలేదన్నా" అన్నాడు ఎరిక్. పాపం, వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దయ్యాలను చంపి టీ తాగిన కుర్రాళ్ళు అందరూ ఉండిపోయారు.

బుధవారం పట్టపగలు చిన్నప్ప సంచి భుజానేసుకుని పుంగనూరులో దిగాడు. గోపాలస్వామి అరుగు మీద కూచుని ఉన్నాడు. వారం మధ్యలో కొడుకు రావడం చూసి, ఏదో అర్థమైనట్టు పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇక దాచి ప్రయోజనం లేదు. చిన్నప్ప మొదటినుంచీ చెప్పేశాడు. పేపరు, టెస్టరు, ప్లాట్‌ఫారం, పురుగులు, దొర, దయ్యాలు, అన్నీ. చెబుతున్నంతసేపూ తండ్రి మొహం చూడలేదు. 'నేను ముందే అన్న్యా గదా' అంటాడని పళ్ళు బిగబట్టుకుని కూచున్నాడు.

గోపాలస్వామి అంతా విని అడిగాడు. "తీసేసింది పని రాకనా?"

"కాదు నాయనా. తప్పులు ఎక్కువ పట్టినానని."

"నిజ్జంగా అదే మాట సెప్పినారా?"

"అదే సెప్పినారు."

గోపాలస్వామి నవ్వడం మొదలుపెట్టాడు. చిన్నప్ప పుట్టినప్పటినుంచీ ఆ మనిషి అట్లా నవ్వగా చూడలేదు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నీ చిన్నప్పుడు ఆరేండ్లు రామకుప్పంలో ఉన్న్యాం, గుర్తుండాదా?" అన్నాడు.

"ఎందుకు లేదు? ఏనుగులొచ్చి రాగి చేలల్లో పడేవి గదా."

"ఆ ఏనుగుల మధ్యకు నన్ను యాల ఏసినారో తెలుసునా? ఒక కాగితం మీద సీలెయ్యమంటే పోయినా. సూస్తే తేదీ ఆదివారముండాది. 'సార్, ఆ పొద్దు ఆఫీసే లేదు గదా' అంటి. అంతే నేనన్న్యాది. వారం తిరక్కుండా ట్రాన్స్‌ఫరు ఆర్డరొచ్చె. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా కండ్లకు ఒక్క తప్పు కూడా కనపడలే." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అన్నాడు. "నువ్వు వైరులో తప్పు పట్టినావని ఎవరన్నా నిన్ను పనిలోనుంచి తీసేసినారా? కాఫీ ఇచ్చి పంపిస్తారు. తప్పు పట్టినందుకు తీసేసేది పనిలో ఉండదు, ఉద్యోగంలోనే ఉంటాది. ఇది ఉద్యోగమేరా చిన్నప్పా. నాకు ఇంతదాకా అనుమానముండె. నువ్వు ఉద్యోగమే చేసినావు."

చిన్నప్ప పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట, ఉద్యోగం ఊడిన పూట వచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తండ్రి మీద కోపమొచ్చింది, జాలి వేసింది, కాళ్ళ మీద పడాలనిపించింది. మూడూ చెయ్యలేక లోపలికి పోయి చాప పరుచుకున్నాడు.

మరునాడు పొద్దున్నే గోపాలస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని టీ అంగడికి పోయాడు. కనబడిన ప్రతి మనిషినీ ఆపి, "మావాడికి ఉద్యోగం పోయిందప్పా" అని చెప్పాడు. వాళ్ళు అయ్యో అంటే ఆయన ఒప్పుకోలేదు. "అయ్యో ఏందప్పా! ఉన్నోడికే గదా పోయేది?" అని అందరికీ టీ చెప్పాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి వి.కోట రైతొకాయన వాకిట్లో నిలబడి, బోరు మోటారు కాలిపోయింది, చిన్నప్పను లేపమ్మా అని స్వర్ణను తొందర చేస్తున్నాడు.

చిన్నప్ప లోపల మెలకువగానే ఉన్నాడు. లేవబోతుంటే బయట తండ్రి గొంతు వినబడింది.

"కూసో అప్పా, ఏం తొందర! మావాడు నిన్ననే ఉద్యోగం నుంచి వచ్చినాడు. కొంచేపు పండుకోనీ."